బళ్ళారి కొండలూ, జూన్ 5 మొక్కలూ

బళ్ళారి పేరు చెప్పగానే మన పెద్దవాళ్ళకు నటుడు రాఘవగారు గుర్తుకొస్తారు. పిల్లలకైతే హంపీ. నిజానికి హంపీ ఇప్పుడు బళ్ళారి జిల్లాలో లేదు. 2021లో విజయనగర జిల్లా ఏర్పడినప్పుడు హోస్పేటతోపాటు అదీ అటు వెళ్ళిపోయింది. బెంగుళూరులో రాత్రి హంపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కే మన కుటుంబాలు చాలామటుకు బళ్ళారి స్టేషన్‌ను నిద్రమత్తులోనే దాటేసి హోస్పేటలో దిగుతాయి. అలా దాటేసే ఊరి గురించీ, దాని పక్కనే ఉన్న సండూరు కొండల గురించీ నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. మధ్యలో మొక్కల ప్రస్తావన వస్తుంది. ఎవరూ నొచ్చుకోకూడదని ముందే మనవి.

బళ్ళారి ఊరి నడుమ రెండు బోడి కొండలు, ఒకదాని మీద కోట. నీడనిచ్చే చెట్టు కోసం కళ్ళు చికిలించి వెతుక్కోవాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు వచ్చాయి. బళ్ళారి మైసూరుకు వెళ్ళింది. బజారుకు మాత్రం ఆ సంగతి ఇంకా పూర్తిగా తెలిసినట్టు లేదు. కొట్లో బేరం కన్నడంలో మొదలై తెలుగులో తెగుతుంది. ఉగ్గాణీ మిరపకాయ బజ్జీ రెండు భాషల్లోనూ ఒకటే రుచి. 2014 నవంబరు 1న ప్రభుత్వం ఇంగ్లీషు వాళ్ళ 'బెల్లారీ'ని 'బళ్ళారి'గా మార్చింది. మనం ఎప్పుడూ బళ్ళారి అనే అంటున్నాం కాబట్టి బోర్డులకు కొత్త రంగు పడటం తప్ప మనకు తేడా ఏమీ తెలియలేదు.

నేను 2006 నుంచి 2009 దాకా అక్కడ పనిచేశాను. బ్యాంకు ఉద్యోగం గనక ఊరు మనల్ని ఎన్నుకుంటుంది, మనం ఊరిని ఎన్నుకోం. బదిలీ అయి వచ్చేశాక చాలాకాలం అటు పోలేదు. నిరుడు మాత్రం పనిమీద రెండుసార్లు వెళ్ళాల్సి వచ్చింది: ఒకటి జూన్ మొదటివారంలో, రెండోది సెప్టెంబరులో.

జూన్‌లో వెళ్ళిన రోజు సరిగ్గా 5వ తేదీ. నేను వెళ్ళిన కార్యాలయం ఆవరణలో (ఏ కార్యాలయమో అడక్కండి, ఆ రోజు అన్నీ అలాగే ఉంటాయి) షామియానా వేసి ఉంది. ప్రపంచ పర్యావరణ దినోత్సవం. ఏడుగురు పెద్దమనుషుల ఫోటోలతో ఒక ఫ్లెక్సీ. ఇరవై గోతులు ముందురోజే తవ్వి పెట్టారు. బళ్ళారి నేల గడ్డపారకు కూడా ఒక పట్టాన లొంగదు కాబట్టి ఇద్దరు కూలీలకు రోజంతా పట్టిందట. వేప, కానుగ మొక్కలు నర్సరీ నుంచి వచ్చాయి. ముఖ్య అతిథి మొక్క పట్టుకున్నారు, మిగతావాళ్ళు ఆయన చెయ్యి పట్టుకున్నారు, అందరూ కెమెరా వైపు చూశారు. మొక్క గోతిలోకి దిగింది. దాని వేళ్ళచుట్టూ ఉన్న నల్ల ప్లాస్టిక్ సంచిని తీయడం ఎవరికీ తోచలేదు. తరువాత మేడిపండంత లడ్డూ, కారప్పూస, ఒక్కొక్కరికీ చిన్న ప్లాస్టిక్ సీసాలో మంచినీళ్ళు. ఉపన్యాసం ప్లాస్టిక్ భూతం గురించి.

అతిథులు వెళ్ళిపోయాక అక్కడి వాచ్‌మన్ మొక్కల సంచులు ఒక్కొక్కటే చించి మళ్ళీ నాటుతున్నాడు. పలకరించాను.

"ఎండ జూడండి సార్ ఎట్లుందో. మాకు వానలు గట్టిగా పడేది ఆగస్టు దాటినాక గదా. అంతవరకూ దీనికి నీళ్ళు ఎవురు పొయ్యల్ల? పొయ్యనీకి నాకు బోరు నీళ్ళే సరిగ్గా రావు" అన్నాడు.

ఆ మాట నాకు పట్టుకుంది. జూన్ 5 అంటే రోహిణి కార్తె. మృగశిర ప్రవేశించడానికి ఇంకా రెండు మూడు రోజులుంటుంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయని మన అమ్మమ్మలు చెప్పేవారు గానీ, మొక్కలు నాటమని ఏ అమ్మమ్మా చెప్పలేదు. బళ్ళారి చుట్టుపక్కల ఏడాది మొత్తం వాన 600 మిల్లీమీటర్ల లోపే, అందులో పెద్దవాటా సెప్టెంబరుది. మరి ఈ తేదీ ఎక్కడిది? 1972 జూన్ 5న స్వీడన్‌లోని స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ మహాసభ మొదలైంది. దాని గుర్తుగా ఆ తేదీని ఖాయం చేసి 1974 నుంచి జరుపుతున్నారు. స్వీడన్‌లో జూన్ అంటే పూలు పూసే నెల. మన కన్హయ్యలాల్ మున్షీగారు 1950లో కేంద్ర వ్యవసాయ మంత్రిగా వనమహోత్సవం మొదలుపెట్టినప్పుడు కనీసం జూలై మొదటివారం ఎంచుకున్నారు. గుజరాత్ మనిషి, వాన లెక్క తెలిసినవాడు. తేదీ ఎక్కడిదైనా మొక్కకు పట్టింపు లేదు. నీళ్ళు పోస్తే జనవరిలో నాటినా బతుకుతుంది. కానీ నీళ్ళు పోసే మనిషికి ఫ్లెక్సీలో చోటుండదు.

సెప్టెంబరులో మళ్ళీ వెళ్ళినప్పుడు మొదట ఆ ఇరవై గోతుల దగ్గరికే పోయాను. మూడు మొక్కలు బతికున్నాయి. మూడూ కొళాయి పక్కవి. వాచ్‌మన్ మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బా అక్కడే కడుక్కుంటాడు. ఫ్లెక్సీ మాత్రం సైకిళ్ళ షెడ్డు మీద కప్పుగా భేషుగ్గా పనిచేస్తోంది.

నా ఉద్యోగంలో ఇలాంటిది ఒకటి చూశాను గనక చెబుతున్నాను. 1980లలో జనార్దన పూజారిగారు కేంద్రంలో ఆర్థికశాఖ సహాయమంత్రిగా ఉండగా దేశమంతా లోన్ మేళాలు పెట్టారు. మైదానంలో పందిరి, మైకు, వరుసలో నిలబడ్డ రుణగ్రహీతలు, చప్పట్లు. ఆ పథకం వల్ల బ్యాంకు గడప తొక్కని పేదవాళ్ళు తొక్కారు, కాదనను. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ మేళాల పాత లెడ్జర్లు ఇంకా అలమారాల్లో ఉండేవి. అప్పు ఇచ్చిన తేదీ ఎర్రసిరాతో అందంగా రాసి ఉండేది. తరువాతి పేజీలు ఖాళీ. గేదె కొన్నాడా, కొన్న గేదె బతికిందా, పాలు పోసిందా అని వెళ్ళి చూసినవాడు లేడు, ఎందుకంటే దానికి మేళా లేదు. ఇచ్చిన రోజు పండగ, వసూలు రోజు అనాథ. మొక్కల సంగతీ అంతే. ఉత్తరప్రదేశ్‌లో 2016 జూలై 11న ఒక్కరోజులో 5 కోట్ల మొక్కలు నాటి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఎన్ని బతికాయో చెప్పే రికార్డు పుస్తకం ఇంకా అచ్చవలేదు. మన తెలంగాణలో 2015 జూలైలో మొదలైన హరితహారం మంచి ఉద్దేశమే, చాలా ఊళ్ళు పచ్చబడ్డాయి కూడా. కానీ తొందరగా పచ్చగా కనిపిస్తుందని రోడ్డు మధ్యల్లో కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను గుప్పించి, తరువాత అది వద్దు మొర్రో అని ఆపాల్సి వచ్చింది. పచ్చరంగు కనిపిస్తే చాలనుకుంటే ఇలాగే ఉంటుంది.

సరే, సండూరు దారి పడదాం.

బళ్ళారి నుంచి సండూరు 50 కిలోమీటర్లు. మధ్యలో తోరణగల్లు దగ్గర ఉక్కు కర్మాగారం వస్తుంది, పొగగొట్టాలు చాలాదూరం నుంచే కనబడతాయి. ఆ తరువాత దూరాన గోడ కట్టినట్టు కొండల వరుస. సండూరు ఆ కొండల మధ్య లోయలో ఉంది. లోపలికి పోవడానికి కొండ చీలిన సందులు ఉన్నాయి, భీమగండి, ఓబలగండి అని. నారిహళ్ళ వాగు భీమగండిలోంచి బయటికొస్తుంది. స్వాతంత్య్రానికి ముందు ఇది ఘోర్పడే వంశం వారి చిన్న సంస్థానం. 1949లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. గాంధీగారు 1934లో ఇక్కడికి వచ్చారు. సండూరును సెప్టెంబరులో చూడాలని ఆయన అన్నట్టు ఊరంతా చెప్పుకుంటారు. ఆయన అన్నారో లేదో గానీ మాట మాత్రం నిజం. బళ్ళారి బండల్లో మాడి వచ్చిన కంటికి ఆ కొండలు సెప్టెంబరులో మలెనాడు ముక్క ఒకటి తెగి పడ్డట్టుంటాయి. మోకాలెత్తు గడ్డి, కొండల మీద వాలిన మబ్బు, ఎక్కడో నీటి చప్పుడు.

నేను పనిచేసిన రోజుల్లో ఈ దారి ఇలా లేదు. చైనాలో 2008 ఒలింపిక్స్ ముందు ఉక్కుకు గిరాకీ పెరిగి, ఇనుప ఖనిజం ధర ఆకాశానికంటింది. సండూరు కొండల్లో ఉన్నది మేలురకం ఖనిజం. రోజంతా, రాత్రంతా టిప్పర్లు. రోడ్డు ఎరుపు, ఇళ్ళు ఎరుపు, వేపచెట్టు ఎరుపు, జొన్నకంకి ఎరుపు. ఇళ్ళలో ఆడవాళ్ళు నీళ్ళబిందె మీద తడిగుడ్డ కట్టి ఉంచేవాళ్ళు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ముఖం కడుక్కుంటే పళ్ళెంలో నీళ్ళు కుంకుమ కలిపినట్టుండేవి. బ్యాంకుల్లో మాకు ఆ రోజుల్లో టిప్పర్ అప్పుల దరఖాస్తులే దరఖాస్తులు. భూమి అమ్మి మార్జిన్ డబ్బు కట్టి బండి కొన్న రైతులు ఎందరో. రెండేళ్ళలో అప్పు తీరిపోయేది, మూడో ఏడు రెండో బండి.

ఆ రోజుల్లోనూ జూన్ 5 జరిగేది. గనుల యజమానులే మొక్కలు ఇచ్చేవారు, బ్యానర్లు కట్టించేవారు. కొండ ఒకవైపు లారీల్లో వెళ్ళిపోతుంటే కొండ కింద మొక్క నాటి ఫోటో దిగేవారు. సరిహద్దు రేఖకే దిక్కులేని కాలం అది. తుమటి దగ్గర ఆంధ్ర, కర్ణాటకల సరిహద్దుకు గుర్తుగా ఉండే సుగ్గులమ్మ గుడిని 2006లో పేల్చేశారు. అమ్మవారికే దిక్కు లేకపోతే వేపమొక్క ఏపాటి?

ఆపింది మొక్కలు కాదు. సమాజ పరివర్తన సముదాయ అనే సంస్థ తరఫున ఎస్.ఆర్. హిరేమఠ్‌గారు 2009లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. లోకాయుక్త సంతోష్ హెగ్డేగారు 2011 జూలై 27న పెద్ద నివేదిక ఇచ్చారు. అందులో వెనక ఉన్న కష్టం అటవీశాఖ అధికారి యు.వి. సింగ్‌గారి బృందానిది. లారీ లారీకీ పర్మిట్లు, రేవు లెక్కలు, బ్యాంకు ఖాతాలు పక్కపక్కన పెట్టి సరిచూశారు. కామర్సు చదివినవాడిగా నాకు ఆ పని మీద గౌరవం ఎక్కువ. నివేదిక అందిన రెండు రోజులకే, జూలై 29న, సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుప గనుల తవ్వకం ఆపేసింది.

అప్పుడు నొప్పి తెలిసింది. టిప్పర్లు వరసగా నిలబడిపోయాయి. వాటి డ్రైవర్లు, పంక్చర్ షాపులు, రోడ్డు పక్క దాబాలు, అన్నీ మూతపడ్డాయి. అప్పటికి నేను అక్కడ లేను గానీ, ఉన్న మిత్రులు ఫోన్లో చెప్పేవారు: వాయిదాలు ఆగిపోయాయి, బండ్లు జప్తు చేద్దామంటే పెట్టుకోవడానికి చోటు లేదు, వేలం వేద్దామంటే కొనేవాడు లేడు అని. రెండో బండి కొన్న రైతుకు పొలమూ లేదు, బండీ లేదు. ఇందులో మంచివాళ్ళు చాలామంది నలిగిపోయారు, అది కూడా చెప్పాలి. పర్యావరణం కోసం నిజంగా ఒక పని జరిగితే దాని ఖర్చు ఎవరో ఒకరి ఖాతాలో పడుతుంది. జూన్ 5 ఎవరి ఖాతాలోనూ పడదు. అందుకే దానికి అంత ఆదరణ అని నా అనుమానం.

2013 ఏప్రిల్‌లో కోర్టు తుది తీర్పు చెప్పింది. గనులను మూడు తరగతులుగా విభజించి, మరీ అక్రమంగా తవ్విన సుమారు 50 లీజులు రద్దుచేసింది. మిగతావాళ్ళు ముందు చెడిన కొండను బాగుచేసే ప్రణాళిక అమలుచేస్తేనే తవ్వుకోవచ్చంది: మట్టిదిబ్బలు జారకుండా అడ్డుగోడలు, వాననీటికి కాలువలు, వాగుల్లో చెక్‌డ్యాములు. బళ్ళారి జిల్లా మొత్తానికి ఏడాదికి 2.5 కోట్ల టన్నులు మించరాదని హద్దు పెట్టింది. ఆ హద్దును మెల్లమెల్లగా పెంచుతూ 2022లో 3.5 కోట్ల టన్నులు చేశారు. తీగను నెమ్మదిగా వదులుతున్నారని కొందరి బాధ, ఇంకా వదల్లేదని కొందరి బాధ.

నిరుడు సెప్టెంబరులో నేను చూసింది ఆ ప్రణాళికల్లో కట్టిన ఒక చిన్న చెక్‌డ్యామును. ఏ గొప్పా లేదు. రాతిగోడ, వెనక మోకాలిలోతు ఎర్రనీళ్ళు, దాని కింద వాగులో దాదాపు తేటనీళ్ళు. పాత మట్టిదిబ్బ మీద గడ్డి పట్టుకుంది. అక్కడే టీ అంగడి పెట్టుకున్న పాత టిప్పర్ డ్రైవరు ఒకాయన నాకు టీ ఇచ్చి, "ముందు ఈ వాగు నీళ్ళు గొడ్లు గూడా తాగేవి కావు సార్, ఇప్పుడు తాగుతాయి. నాకు బండి పోయిందనుకోండి" అన్నాడు. రెండు వాక్యాలూ ఒకే గొంతులో, ఏ ఒక్కదాని మీదా నొక్కకుండా అన్నాడు.

ఖనిజం వేలంలో వచ్చిన సొమ్ములో కొంత శాతం పక్కన పెట్టి గనుల ప్రాంతాన్ని బాగుచేయడానికి 2014లో ఒక కార్పొరేషన్ పెట్టారు. సొమ్ము వేల కోట్లలో పోగుపడింది. ఖర్చు పెట్టే ప్రణాళిక మీద వాదాలు జరుగుతూ ఏళ్ళు గడిచాయి. 2022లో సుప్రీంకోర్టు జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డిగారిని, అదే 2025లో ఉపరాష్ట్రపతి పదవికి పోటీచేసిన మన తెలుగాయననే, పర్యవేక్షకుడిగా నియమించి దాదాపు 25 వేల కోట్ల ప్రణాళికకు దారి వదిలింది. డిపాజిట్ పెరుగుతుంటే మా బ్యాంకువాళ్ళకు ముచ్చటే గానీ, ఎర్రదుమ్ము పీల్చిన ఊళ్ళో ఆసుపత్రికి డిపాజిట్ వడ్డీ మందు కాదు.

ఇక దేవదారి సంగతి. సండూరు దగ్గర స్వామిమలై అడవిలో దేవదారి అనే కొండల వరుస ఉంది. అక్కడ కె.ఐ.ఓ.సి.ఎల్. అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకు గని ఇచ్చారు. ఇది పూర్వం కుద్రేముఖ్ ఇనుప గని నడిపిన సంస్థే. అడవి కోసం సుప్రీంకోర్టు ఆ గనిని 2005 ఆఖరుకు మూయించింది. దేవదారిలో కావలసిన అటవీభూమి 401 హెక్టార్ల పైచిలుకు, అంటే వెయ్యి ఎకరాలకు ఇంచుమించు. కొట్టాల్సిన చెట్లు 99 వేల పైచిలుకు. 2024 జూన్ 5న ప్రధానమంత్రి ఢిల్లీలో రావిమొక్క నాటి, తల్లి పేరిట ఒక చెట్టు అనే ఉద్యమం ప్రారంభించారు. అదే నెలలో కొత్తగా ఉక్కుశాఖ మంత్రి అయిన హెచ్.డి. కుమారస్వామిగారు దేవదారి గని ఫైలు మీద సంతకం పెట్టారు. సండూరు కొండల దైవం పేరు కూడా కుమారస్వామే కావడం ఆయన తప్పు కాదు. గొడవ రేగింది. రాష్ట్ర అటవీశాఖ మంత్రి ఈశ్వర్ ఖండ్రేగారు భూమి అప్పగించవద్దని ఆదేశించారు. అందులో రాజకీయం ఎంత, అడవి మీద ప్రేమ ఎంత అని నన్నడిగితే, పద్దు విడదీయడం నావల్ల కాదంటాను.

నాకు అసలు అభ్యంతరం లెక్క దగ్గర. అడవి తీసుకుంటే బదులుగా వేరేచోట మొక్కలు పెంచాలని మన చట్టం. కాగితం మీద ఖర్చు, జమ సరిపోతాయి. కానీ ఎక్కడైనా పాతికేళ్ళుగా వడ్డీతో సహా పెరుగుతున్న డిపాజిట్‌ను తీసేసుకుని, దాని బదులు ఈరోజు తెరిచిన సేవింగ్సు ఖాతా పుస్తకం చేతిలో పెడితే ఖాతాదారు ఊరుకుంటాడా? కొండమీది చెట్టు ఒక్క చెట్టు కాదు. దాని కింద మట్టి కదలదు, ఆ మట్టి కింద నీళ్ళు నిలుస్తాయి, ఆ నీళ్ళు నారిహళ్ళకు వస్తాయి. తుంగభద్ర జలాశయం 1953లో 132 టి.ఎం.సి. నీళ్ళు పట్టేది, 2016 సర్వేనాటికి 105కు వచ్చింది. తక్కినదంతా పూడిక. పూడికంతా గనులదే అనడం అన్యాయం, ఎగువన ఎన్నో జిల్లాల మట్టి అది. కానీ కొండమీద పట్టు వదిలిన మట్టి ఎక్కడికి పోతుందో కర్నూలు, అనంతపురం కాలువల కింద పొలమున్న మన బంధువులను అడిగితే చెబుతారు.

మొక్కలు నాటేవాళ్ళంటే నాకు కోపం లేదు. కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క, భర్తతో కలిసి కడవలతో నీళ్ళు మోసి రోడ్డు పొడవునా మర్రిచెట్లు పెంచింది. ఖమ్మం దగ్గర వనజీవి రామయ్యగారు సైకిల్ మీద విత్తనాలు వేసుకు తిరిగారు. ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, ఇద్దరూ 2025లోనే వెళ్ళిపోయారు. వాళ్ళకు జూన్ 5 అని ఒక రోజు ఉన్నట్టు లేదు, ఏడాదంతా అదే పని.

మన సంఘం కార్యవర్గంలోనూ వచ్చే జూన్ 5న పిల్లల చేత వంద మొక్కలు నాటిద్దామని ప్రతిపాదన వచ్చింది. సెప్టెంబరులో పెట్టి, వందకు బదులు పది నాటి, ఏడాదిపాటు ఒక్కో కుటుంబం ఒక్కో మొక్కకు నీళ్ళు పోసే ఏర్పాటు చేద్దామన్నాను. సెప్టెంబరులో వినాయక చవితి హడావిడి, మైదానం దొరకదన్నారు. నీళ్ళ బాధ్యతకు ఇప్పటికి మూడు కుటుంబాలు పేర్లు ఇచ్చాయి, మాది కాకుండా. ఇంకా ఆరు కావాలి. ఇష్టమున్నవారు కార్యదర్శిగారికి తెలియజేయగలరు.

సండూరు వెళ్ళదలచినవారు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వెళ్ళండి. ఉదయం బళ్ళారిలో దిగి, ఉగ్గాణి తిని బస్సెక్కితే మధ్యాహ్నానికి ముందే సండూరు చేరతారు. అక్కడి నుంచి కొండమీది కుమారస్వామి గుడికి జీపో ఆటోనో మాట్లాడుకోవాలి. వెయ్యేళ్ళ పైబడిన గుడి. తల్లి మీద అలిగి తాగిన పాలు కక్కేశాడని, అదే ఇక్కడి తెల్లమట్టి అయిందని స్థలపురాణం. ఆ మట్టినే విభూతిగా ఇస్తారు. అలక కారణంగా స్వామి గుడిలోకి ఆడవాళ్ళను రానివ్వని ఆచారం ఉంది, అది విని మా ఆవిడ పక్కనున్న పార్వతీదేవి గుడిలోనే కూర్చుంది. దిగేటప్పుడు వాన పట్టుకుంటే కంగారు పడకండి, అరగంటలో తెరిపిస్తుంది. మధ్యాహ్నం రెండు దాటాక ఖనిజం లారీలు ఎక్కువవుతాయి, అంతకుముందే కొండ దిగడం మంచిది.